బీజమూ, క్షేత్రమూ – కీటకాల సాక్ష్యం

మన కావ్యాల్లో తుమ్మెద మగవాడు, పువ్వు ఆడది. పువ్వు నుంచి పువ్వుకు ఎగిరిపోయే తుమ్మెదను చూపి నాయకుడి చపలత్వాన్ని చెప్పడం ప్రబంధ కవుల అలవాటు. ఆ అలవాటు సినిమా పాటల దాకా దిగివచ్చింది. పువ్వు కదలదు, ఎదురుచూస్తుంది. తుమ్మెద వస్తుంది, పోతుంది. దీన్ని కవిసమయం అనుకుంటే పేచీ లేదు. చకోరం నిజంగా వెన్నెల తాగుతుందా అని ఎవరూ అడగరు గదా. అయితే వాస్తవం వేరు. పూల మీద వాలి తేనె సేకరించే తేనెటీగలన్నీ ఆడవే. మగ తేనెటీగ ఆ పనికి పువ్వు దగ్గరికి పోదు. ఆడ ఈగలు పట్టులోకి తెచ్చిపెట్టింది తిని బతుకుతుంది. కర్రను తొలిచి గూడు చేసుకునే నల్ల తుమ్మెదల్లో కూడా పిల్లల కోసం పుప్పొడి మోసేది ఆడదే.

కవిసమయం కావ్యంలో ఉన్నంతకాలం ఎవరికీ హాని చేయదు. అది వాదంగా మారినప్పుడే చిక్కు. మన కథల్లో, నవలల్లో ఎవరో ఒక పెద్దమనిషి "మగవాడి నైజమే అంత, అది ప్రకృతి ధర్మం" అని తేల్చేస్తాడు. చాలాసార్లు రచయిత కూడా ఆ మాటను కాదనడు. అభ్యుదయ రచయితలం మనమూ ఇందుకు మినహాయింపు కాదు. ఆస్తి సంబంధాలు చరిత్రలో పుట్టాయని, చరిత్రలోనే పోతాయని ఒప్పుకున్నవాళ్ళమే, స్త్రీ పురుష స్వభావాల దగ్గరికి వచ్చేసరికి ప్రకృతిని సాక్షిగా పిలుస్తాం. ఆ సాక్షి ఏం చెబుతున్నదో పూర్తిగా వినడానికి మాత్రం మనకు ఓపిక ఉండదు. నేను తెలుగు పంతుల్ని. జీవశాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయినా ఈ విషయంలో మాటల పాత్ర చాలా ఉంది కాబట్టి, మాటలతో పనిచేసేవాళ్ళకు ఇది పరాయి సంగతి కాదనుకుంటున్నాను.

డార్విన్ 1859లో ప్రకృతి వరణాన్ని ప్రతిపాదించాడు. బతకడానికి పనికివచ్చే లక్షణాలు తరం నుంచి తరానికి నిలుస్తాయన్నది దాని సారాంశం. కాని నెమలి పింఛం బతకడానికి ఏం సాయం చేస్తుంది? పులికి దొరకడానికైతే సాయం చేస్తుంది. ఈ చిక్కు విప్పడానికి 1871లో మానవుడి అవతరణ గురించి రాసిన గ్రంథంలో లైంగిక వరణమనే రెండో సూత్రాన్ని విస్తరించి చెప్పాడు. జత దొరకడానికి పనికివచ్చే లక్షణం కూడా, ప్రాణానికి కొంత ముప్పు తెచ్చినా సరే, నిలుస్తుంది. అది రెండు దారుల్లో జరుగుతుంది: మగవి తమలో తాము పోట్లాడుకుంటాయి, లేదా ఆడది ఎంచుకుంటుంది. జింక కొమ్ములు మొదటి దారి, నెమలి పింఛమూ రాత్రిపూట ఇలకోడి పాటా రెండో దారి. తెలుగులో 'వరణం' అనే మాట పెట్టినవారెవరో గాని మంచి మాట పెట్టారు. స్వయంవరంలో ఉన్న ధాతువే ఇందులోనూ ఉంది. కాకపోతే మన పురాణాల్లో స్వయంవరాలు చాలావరకు పేరుకే స్వయంవరాలు. విల్లు విరిచినవాడికో, మత్స్యయంత్రం కొట్టినవాడికో పిల్ల దక్కుతుంది. పందెం పెట్టేది తండ్రి. అంటే డార్విన్ చెప్పిన రెండు దారుల్లో రెండోదాని పేరు తగిలించి మొదటిదాన్నే నడిపించాం.

డార్విన్ కాలపు ఇంగ్లండులో కూడా జరిగింది దాదాపు ఇదే. ఆడది ఎంచుకుంటుందన్న మాటను ప్రకృతి వరణ సిద్ధాంతానికి సహకర్త అయిన వాలెస్ సైతం ఒప్పుకోలేదు. డార్విన్ ఎంతో ధైర్యంగా ఆ మాట అన్నాడు గాని, అతను వర్ణించిన ఆడజంతువు విక్టోరియా రాణి కాలపు డ్రాయింగు రూములో కూర్చున్న అమ్మాయిలాగే ఉంటుంది: సిగ్గరి, ఆత్రం లేనిది, వచ్చినవాళ్ళలో ఒకరికి తల ఊపేది. డార్విన్ మరో హద్దు కూడా గీశాడు. సంతానోత్పత్తికి నేరుగా పనికివచ్చే అవయవాలు లైంగిక వరణం పరిధిలోకి రావని, అవి ప్రకృతి వరణం కిందికే వస్తాయని అనుకున్నాడు. ఆ హద్దు సుమారు వంద సంవత్సరాలు చెక్కుచెదరలేదు.

మార్క్స్ 1862 జూన్‌లో ఎంగెల్స్‌కు రాసిన ఉత్తరంలో, ఇంగ్లీషు సమాజపు పోటీనీ, శ్రమవిభజననూ, మార్కెట్ల వేటనూ డార్విన్ మృగాల్లోనూ మొక్కల్లోనూ చూశాడని వ్యాఖ్యానించాడు. 1875లో లవ్రోవ్‌కు రాసిన ఉత్తరంలో ఎంగెల్స్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ముందు సమాజపు సిద్ధాంతాన్ని ప్రకృతిలోకి తీసుకుపోతారు, తరవాత అక్కడి నుంచి వెనక్కి తెచ్చి ఇదిగో శాశ్వత నియమమని సమాజం మీద రుద్దుతారు అన్నది అతని ఆక్షేపణ. ఇద్దరూ డార్విన్‌ను గౌరవించినవాళ్ళే. పరిణామవాదాన్ని వాళ్ళు తోసిపుచ్చలేదు, దాని భాషలోకి చొరబడిన సమాజాన్ని పట్టుకున్నారు. ఆ పరీక్షను కీటకశాస్త్రానికి పెట్టి చూద్దాం.

కీటకాల్లో మగదాని అవయవం చిత్రమైన వస్తువు. కొక్కేలు, ముళ్ళు, చెంచాలు, పట్టకార్లు, చుట్టలు – ఒక జాతికి ఉన్న ఆకారం పక్క జాతికి ఉండదు. పైకి కవలల్లా కనిపించే రెండు జాతులను విడదీయడానికి కీటకశాస్త్రజ్ఞులు మగదాని పొట్ట చివర కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు. ఇంత వైవిధ్యం ఎందుకు? 1844లో లియోన్ దుఫూర్ అనే ఫ్రెంచి వైద్యుడు తాళమూ తాళంచెవీ అన్నాడు. ఒక జాతి తాళంచెవి మరో జాతి తాళంలో దూరదు, అందువల్ల జాతులు కలగాపులగం కాకుండా ఉంటాయి. చక్కని పోలిక. చక్కని పోలికలతో ఉండే ప్రమాదమే దీంతోనూ వచ్చింది: తరవాతివాళ్ళు పోలికను చూసి తృప్తిపడి వస్తువును చూడడం మానేశారు. తాళాలు నిజంగా వేరువేరుగా ఉన్నాయా అని చూసినప్పుడు, చాలా జాతుల్లో ఆడదాని అవయవం అంత గట్టిదీ కాదు, మగదానిలాగా జాతికొక తీరుగా మారేదీ కాదు. మెత్తటి సంచిలో ఏ తాళంచెవైనా దూరుతుంది. అదీగాక, కలిసిపోవడానికి చుట్టుపక్కల దగ్గరి జాతులేవీ లేనిచోట కూడా మగ అవయవాలు అంతే వేగంగా మారుతూ వచ్చాయి.

తాళమూ చెవీ ఫ్రెంచి పోలిక. మనకు అంతకన్నా పాతది ఉంది: బీజమూ క్షేత్రమూ. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం స్త్రీని క్షేత్రమనీ పురుషుణ్ణి బీజమనీ చెప్పి, రెండింటిలో బీజానిదే పైచేయి అని నిర్ణయిస్తుంది. పిల్లవాడు ఎవరికి చెందుతాడన్న ఆస్తి తగాదా ఆ చర్చ వెనక ఉంది. తెలుగులో మనం ఇప్పటికీ వాడే 'వీర్యం' అన్న మాటకు పరాక్రమం అని కూడా అర్థం. శరీరం నుంచి వచ్చే ద్రవానికి యుద్ధభూమి పేరు పెట్టి, దాన్ని స్వీకరించే శరీరానికి నేల అని పేరు పెట్టిన తరవాత, ఆ నేల ఏదైనా పని చేస్తుందేమోనని వెతకాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? నేలను జడపదార్థమని పొలం దున్నినవాడెవడూ అనడు. అది శిస్తు వసూలు చేసేవాడి దృష్టి.

1948లో బేట్‌మన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు పండ్ల మీద ముసిరే చిన్న ఈగలను సీసాల్లో పెట్టి ఒక ప్రయోగం చేశాడు. ఎన్ని ఆడవాటితో కలిస్తే మగదానికి అంత సంతానం పెరుగుతుంది, ఆడదానికి మాత్రం ఒక్కసారి చాలు అని తేల్చాడు. మగది ఆత్రగాడు, ఆడది ఆచితూచి నడిచేది అన్న పాత మాటకు అంకెల బలం వచ్చింది. 1972లో ట్రివర్స్ రాసిన వ్యాసం తరవాత అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 2012లో పట్రీషియా గోవటీ, ఆమె సహచరులు అదే పద్ధతిలో ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూశారు. ఏ పిల్ల ఎవరికి పుట్టిందో గుర్తుపట్టడానికి బేట్‌మన్ పుట్టుకతో కొన్ని వికారాలున్న ఈగలను వాడాడు. తల్లి వికారమూ తండ్రి వికారమూ రెండూ సంక్రమించిన పిల్లలు లెక్కకు అందకుండానే చచ్చిపోతున్నాయి. అంటే లెక్క మొదటినుంచీ వంకరది. అరవై ఏళ్ళపాటు ఇది ఎవరి కంటా పడకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. అనుకున్న జవాబు వచ్చినప్పుడు లెక్క సరిచూసుకునేవాళ్ళు తక్కువ.

ఇక్కడొక మాట చెప్పకపోతే న్యాయం కాదు. అదే 1948 ఆగస్టులో సోవియట్ యూనియన్‌లో లైసెంకో వర్గం జన్యుశాస్త్రాన్ని బూర్జువా శాస్త్రమని కొట్టిపారేసి, ఈ పండ్ల ఈగల మీద పనిచేసేవాళ్ళను ప్రయోగశాలల నుంచి వెళ్ళగొట్టింది. వావిలోవ్ అంతకు ఐదేళ్ళ ముందే జైల్లో చనిపోయాడు. శాస్త్రం మాటల్లో వర్గసమాజం ఉందని గుర్తుపట్టడం వేరు, ఆ సాకుతో ఈగలున్న సీసాలనే పగలగొట్టడం వేరు. బేట్‌మన్ తప్పు బయటపడింది అవే ఈగలను మళ్ళీ లెక్కపెట్టడం వల్లనే.

అసలు మలుపు 1970లో వచ్చింది. జెఫ్రీ పార్కర్ ఇంగ్లండు పచ్చికబయళ్ళలో పేడ మీద వాలే ఈగలను గంటల తరబడి చూసి ఒక సంగతి లేవనెత్తాడు. చాలా కీటకాల్లో ఆడది ఒకటికన్నా ఎక్కువ మగవాటితో జతకడుతుంది. ఆ శుక్రకణాలను వెంటనే వాడదు, ఒంట్లో దాచుకుంటుంది. ఇంటర్మీడియట్‌లో బొద్దింకను కోసినవాళ్ళకు శుక్రగ్రాహిక అన్న పేరు గుర్తుండే ఉంటుంది. అయితే పోటీ జతకట్టడంతో ఆగిపోదు, లోపల కూడా నడుస్తుంది. తేనెటీగల రాణి జీవితారంభంలో కొద్దిరోజులు ఆకాశంలో ఎగిరి పది, పదిహేను మగ ఈగలతో కలుస్తుంది. కలిసిన మగది అవయవం తెగి అక్కడికక్కడే చస్తుంది. ఆ నిల్వను రాణి సంవత్సరాలపాటు పొదుపుగా వాడుతుంది. గుడ్డు పెట్టేటప్పుడు శుక్రకణాన్ని వదిలితే ఆడ ఈగ, వదలకపోతే మగ ఈగ. దీన్ని క్షేత్రం అనడానికి ఎవరికి నోరు వస్తుంది?

1979లో జొనాథన్ వాగే అమెరికాలోని సెలయేళ్ళ దగ్గర తిరిగే నల్లరెక్కల సన్నతూనీగను పరీక్షించాడు. మన పిల్లలు దారం కట్టి ఎగరేసే తూనీగలకు ఇది చుట్టం. మగది తోక చివరి పట్టకారుతో ఆడదాని మెడను పట్టుకుంటుంది, ఆడది తన తోకను వంచి మగదాని పొట్టను అందుకుంటుంది. రెండూ కలిసి గుండె ఆకారంలో కనిపిస్తాయి. వాగే చూసిందేమంటే, మగదాని అవయవానికి వెనక్కి తిరిగిన ముళ్ళున్నాయి. అది ముందు అంతకుముందటి మగదాని శుక్రకణాలను నూటికి 88 నుంచి 100 వంతుల దాకా తోడేసి, ఆ తరవాత తనవి పెడుతుంది. ఒకే అవయవానికి రెండు పనులు. డార్విన్ గీసిన హద్దు ఇక్కడ చెరిగిపోయింది: సంతానోత్పత్తి అవయవాన్నే లైంగిక వరణం మలుస్తోంది.

కథ ఇక్కడితో ఆగితే మళ్ళీ మగవాళ్ళ యుద్ధమే అవుతుంది, ఆడది యుద్ధభూమి అవుతుంది. అదే కుటుంబానికి చెందిన మరో సన్నతూనీగ జాతిలో ఇంకో సంగతి తేలింది. అక్కడ మగది తోడదు. ఆడదాని లోపలి స్పర్శాంగాలను అది తాకితే, ఆడదే తన కండరాలతో పాత నిల్వను బయటికి పంపిస్తుంది.

ఈ చూపును సిద్ధాంతంగా కూర్చినవాడు విలియం ఎబర్‌హార్డ్. మధ్య అమెరికాలో సాలీళ్ళనూ కీటకాలనూ పరిశీలిస్తూ 1985లో ఒక పుస్తకం వేశాడు. మగ అవయవం లోపలి పింఛం వంటిదని అతని వాదన. ఆడది జతకట్టిన తరవాత కూడా ఎంచుకుంటూనే ఉంటుంది: ఒకదాని శుక్రకణాలను నిల్వకు చేరనిస్తుంది, మరొకదానివి చేరనివ్వదు, ఒకదాని తరవాత గుడ్లు ఎక్కువ పెడుతుంది, మరొకదాని తరవాత వెంటనే ఇంకో జత వెతుక్కుంటుంది. బయటినుంచి చూసేవాడికి ఇదేమీ కనపడదు కాబట్టి దీనికి నిగూఢ వరణమని పేరు. పరీక్ష 1998లో జరిగింది. ఆడది ఒకేసారి జతకట్టే గుంపులనూ, పలుమార్లు జతకట్టే వాటి దగ్గరి చుట్టాలనూ గోరన్ ఆర్న్‌క్విస్ట్ పోల్చి చూశాడు. రెండో రకంలో మగ అవయవాల వైవిధ్యం రెట్టింపుకన్నా ఎక్కువ. తాళం–చెవి సిద్ధాంతం నిజమైతే ఈ తేడా రావలసిన పని లేదు.

పండ్ల ఈగల్లో ఒక జాతి ఉంది, ఒళ్ళు మూడు మిల్లీమీటర్లు. మగదాని ఒక్కొక్క శుక్రకణం పొడవు 5.8 సెంటీమీటర్లు. దీన్ని మగతనపు ఘనకార్యంగా వర్ణించిన పత్రికలున్నాయి. అయితే 2002లో మిల్లర్, పిట్నిక్ మామూలు పండ్ల ఈగల మీద ప్రయోగం చేశారు. ఆడదాని నిల్వగొట్టం పొడవు తరతరానికీ పెరిగేట్టు ఎంపిక చేస్తూ పోతే, దానికి తగ్గట్టు మగదాని శుక్రకణం కూడా పొడవైంది. పొడుగు గొట్టంలో పొడుగు కణానిదే గెలుపు మరి. అంటే పందెం నిర్ణయించేది గొట్టం.

ఇదంతా చదివి ఆడకీటకం స్వేచ్ఛాజీవి అని సంబరపడే వాళ్ళుంటారు. వాళ్ళకు పెసల డబ్బా చూపించాలి. పెసలు, అలసందలు నిల్వ ఉంచితే గుండ్రటి బెజ్జాలు పడి, చిన్న గోధుమరంగు పురుగులు బయటికి వస్తాయి. ఈ పురుగుల్లో ఒక జాతిలో మగ అవయవం నిండా ముళ్ళే. జతకట్టినప్పుడు అవి ఆడదాన్ని లోపల గాయపరుస్తాయి. ఆడది వెనక కాళ్ళతో తన్నుతుంది. 2000లో ఈ గాయాల సంగతి ప్రచురించారు. 2007లో పలు జాతులను పోల్చినప్పుడు, మగదాని ముళ్ళు భీకరమైనచోట ఆడదాని లోపలి గోడ మందంగా ఉన్నట్టు తేలింది. 2012లో లేజరుతో ముళ్ళు కొట్టేసిన మగపురుగులు సంతానోత్పత్తిలో వెనకబడ్డాయి. నల్లి సంగతి ఇంకా ఘోరం. మగ నల్లి ఆడదాని ఒంటికే బెజ్జం పొడిచి రక్తంలోకి వదులుతుంది. ఆడ నల్లికి సరిగ్గా ఆ పొడిచే చోట, గాయాన్నీ దాంతో వచ్చే క్రిములనూ తట్టుకునే ప్రత్యేక అవయవం ఒకటి ఏర్పడింది. ఇందులో ఆదర్శం వెతికితే దొరకదు.

ఈ దశకు పెట్టిన పేరు చూడండి: ఆయుధ పోటీ. పరిణామశాస్త్రంలో ఆ మాట బలపడింది 1979 ప్రాంతంలో. అమెరికా, రష్యాలు క్షిపణులు లెక్కపెట్టుకుంటున్న రోజులవి. విక్టోరియా కాలపు సిగ్గరి పోయి ప్రచ్ఛన్నయుద్ధపు శత్రుశిబిరం వచ్చింది. అంతమాత్రాన వాగే లెక్క అబద్ధం కాదు, పెసలపురుగు ముళ్ళు మాయం కావు. మాట కాలానిది, ముల్లు పురుగుది. విమర్శకుడు ఈ రెండింటినీ విడదీయగలగాలి. మొదటిది పట్టుకుని రెండోది వదిలేసినవాడు లైసెంకో, రెండోది పట్టుకుని మొదటిది గమనించనివాడు బేట్‌మన్.

మాటల ప్రభావం ఎంతదాకా పోయిందో 2014లో లెక్కతో సహా బయటపడింది. మలిన్ ఆ-కింగ్, మరో ఇద్దరు శాస్త్రజ్ఞులు సంతానోత్పత్తి అవయవాల పరిణామం మీద పాతికేళ్ళలో వచ్చిన 364 పరిశోధనలను తిరగేశారు. సుమారు సగం మగ అవయవాన్ని మాత్రమే చూశాయి. ఆడదాన్ని మాత్రమే చూసినవి నూటికి ఎనిమిది. మగదానివి గట్టిభాగాలు, కొలవడం తేలిక, ఆడదానివి మెత్తవి అన్న సాకులో కొంత నిజముంది. కాని కొలవడం కష్టమైనవాటిని సైన్సు మరెన్నో కొలిచింది.

అదే 2014లో బ్రెజిల్ గుహల నుంచి ఒక వార్త వచ్చింది. పాత పుస్తకాల్లో పాకే లేతరంగు పురుగుకు చుట్టమైన నియోట్రోగ్లా అనే చిన్న కీటకంలో అవయవాలు తారుమారై ఉన్నాయని జపాను, బ్రెజిల్, స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. చొప్పించేది ఆడది, సంచి ఉన్నది మగదానికి. ఆడదే పైకెక్కి, తన అవయవాన్ని మగదానిలో ఉబ్బించి, ముళ్ళతో బిగించుకుని 40 నుంచి 70 గంటలు వదలదు. బలవంతంగా విడదీయబోతే మగదాని పొట్ట చిరిగింది గాని పట్టు వదలలేదు. ఎండిన గుహల్లో తిండి కరువు. శుక్రకణాలతోపాటు మగది పోషకపదార్థం కూడా ఇస్తుంది కాబట్టి, దాని కోసం ఆడవాటి మధ్య పోటీ ముదిరి ఈ అవయవం ఏర్పడి ఉంటుందని వారి అభిప్రాయం. ఆత్రమూ సిగ్గూ పుట్టుకతో వచ్చేవి కావు, తిండి పంపకం ఎటు తిరిగితే అటు తిరుగుతాయి.

ఈ అవయవాన్ని ఏమని పిలవాలన్న దాని మీద తగాదా వచ్చింది. ఇంగ్లీషులో మగ అవయవానికి వాడే మాటనే వాడి వ్యాసానికి శీర్షిక పెట్టారు. మగదాని పేరు ఆడదానికి అంటగట్టడమేమిటి, గైనోసోమ్ అన్న సొంత పేరు ఉంది గదా అని కొందరు అభ్యంతరపెట్టారు. ఇంగ్లీషువాళ్ళ తగాదా మాటవరకే. మనకు తగాదా పడడానికి మాటే లేదు. స్త్రీకీ పురుగుకీ ఏకవచనంలో ఒకే క్రియ వాడి, మగవాళ్ళను చెప్పే మాటలను మాత్రం మహత్తులని వేరుచేసిన వ్యాకరణం మనది. నిఘంటువులో నాకు దొరికింది 'పురుషాంగం' ఒక్కటే. 'ఆడపురుగు పురుషాంగం' అని ఒకసారి రాసి కొట్టేశాను. 'చొప్పించే అవయవం' అని రాస్తే పని తెలుస్తుంది, పట్టి ఉంచడం తెలియదు. ప్రస్తుతానికి గైనోసోమ్ అనే ఉంచాను.